అందరూ ఎరిగిన వంటాయన

ఆ పటాలంలో వంటశాల సార్జెంటు విరత్నోని తిట్టనివాడు లేడు, ఇష్టపడనివాడూ లేడు. సంబల్ పచ్చడి కారం నషాళానికి అంటిందని ఇవాళ నోరు పారేసుకుంటారు, రేపు అదే సంబల్ కోసం మళ్లీ పళ్లెం చాపుతారు. కల్నల్ కూడా అతన్ని పేరు పెట్టే పిలుస్తాడు. వయసు నలభైకి దగ్గరపడుతున్నా పెళ్లి కాలేదన్న లోటును మాత్రం అందరూ కలిసి రోజూ అన్నంలో నంజుకునేవారు.

"అన్నా, నీ పెళ్లి భోజనం నువ్వే వండుకుంటావా, మమ్మల్ని వండమంటావా?"

"మీరు వండితే పెళ్లికూతురు పీటల మీంచే పారిపోతుందిరా!"

అలా నవ్వి తప్పించుకునేవాడు. చెప్పడానికి వీల్లేని కాపురం ఒకటి అతనికి అప్పటికే ఉంది. మెల్కియాస్ అని, గేటు దగ్గర కాపలా కాసే సిపాయి. సముద్రం దాటి తిమోర్ దీవి నుంచి జావాకు వచ్చినవాడు. మొక్కజొన్న లేకపోతే ముద్ద దిగదు వాడికి. ఆదివారాలు పటాలమంతా ఊరి మీద పడ్డప్పుడు విరత్నో మొక్కజొన్న గింజలూ బొబ్బర్లూ కొబ్బరిపాలలో ఉడికించేవాడు. ఇద్దరూ ఒకే గిన్నెలో తినేవారు. అంతకుమించిన సుఖం విరత్నో కోరలేదు. ఆ కాస్త కూడా సైన్యం కళ్లకు నేరమే.

పక్క ఊరి పటాలంలో ఇద్దరు సిపాయిలు ఇలాగే కలిసి ఉంటూ దొరికిపోయారని ఒకరోజు కబురొచ్చింది. కోర్టు, జైలు, ఆపైన ఒంటి మీద యూనిఫాం ఊడబెరికి ఇంటికి పంపడం. ఆ వారమే ఇక్కడ కవాతులో అందరి ఫోన్లూ తనిఖీకని గోనెసంచిలో వేయించుకున్నారు. వయసొచ్చిన బ్రహ్మచారులు వెంటనే పెళ్లి అనుమతికి దరఖాస్తు పెట్టుకోవాలని కల్నల్ మైకులో చెప్పాడు. అప్పట్నుంచీ వంటశాలలో వేళాకోళాలు ఆగిపోయాయి. వాలీబాల్ గెలిచినా ఎవరూ ఎవరి భుజం మీదా చెయ్యి వేయలేదు.

మెల్కియాస్ ఆదివారం రావడం మానేశాడు. బియ్యం మూటలు దింపేటప్పుడు మాత్రం పక్కకొచ్చి గొణిగాడు.

"ఎవరడిగినా నువ్వెవరో నాకు తెలీదంటా. నువ్వూ అంతే అను."

"సరే. తిన్నావా?"

"అదిగో, అలా అడగకు మరి!"

తమ తెలివికి విరత్నో మురిసిపోయాడు కూడా. పాపం, అంతకంటే తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

వంటశాలకు గుడ్లు తెచ్చి అమ్మే రుమియాతి, విరత్నో అడగ్గానే పెళ్లికి ఒప్పుకుంది. భర్త పోయాక మరిదిని కట్టుకోమని అత్తింటివాళ్లు ఆమె ప్రాణం తోడేస్తున్నారు. సిపాయి పెళ్లామైతే ఒక్కడూ గుమ్మం తొక్కడని ఆమె లెక్క. విరత్నో నిజమంతా చెప్పేస్తే చేత్తో ఈగను తోలినట్టు తోసేసింది.

"నీ సంగతి నాకు ఎప్పుడో తెలుసులేవయ్యా. గుడ్లమ్మేదాన్ని, కళ్లు లేవనుకున్నావా?"

సిపాయి పెళ్లాడాలంటే ముందు గూఢచారి విభాగం కెప్టెన్ సుతెజో ఎదుట జంటగా కూర్చోవాలి. అతను చాలా మెత్తగా మాట్లాడే మనిషి. భయపడాల్సింది అలాంటివాళ్లకే. టీ తెప్పించి, ఆమె ముందుకు తనే జరిపాడు.

"ఏం చూసి ఒప్పుకున్నావమ్మా?"

"తాగడు, కొట్టడు, వంటొచ్చు. మీ ఆవిడనడగండి సార్, ఇంకేం కావాలో చెబుతుంది."

కెప్టెన్ నవ్వి కలం తీశాడు. విరత్నో గుండె కాస్త కుదుటపడింది.

"నిన్న గేటు సిపాయి మెల్కియాస్‌ని లోపలేశాం," అన్నాడు కెప్టెన్, కలం కేసే చూస్తూ. "పక్క పటాలంలో దొరికినవాళ్లలో ఒకడిది వీడి ఊరే. ఇక్కడివాళ్లందరి గురించీ అడిగా. కల్నల్ డ్రైవర్ దగ్గర్నుంచి మంగలి దాకా ఎవడెలాంటివాడో చక్కగా చెప్పాడు. నీ దగ్గరికొచ్చేసరికి, 'వంటాయనెవరో తెలీదు సార్' అన్నాడు. నీ చేతి కూడు తింటూ! గేటు దగ్గర కుక్కకి కూడా నువ్వు తెలుసు కదయ్యా?"

కెప్టెన్ పెళ్లి అనుమతి కాగితం ముందుకు లాక్కున్నాడు.

"వాడే నీ వెంట పడ్డాడు, నువ్వు ఛీ కొట్టావు. అంతే కదా? ఆ ఒక్క మాట చెప్పు. అనుమతి మీద ఇప్పుడే సంతకం పెడతా."

బల్ల కింద రుమియాతి అతని కాలు తొక్కింది. చెప్పేయమనో, నోరు మూసుకోమనో అతనికి తెలియలేదు. నిన్నటి నుంచీ ఏ గదిలోనో తలుపు కేసి చూస్తూ తనను తెలియదంటున్న మెల్కియాస్ ఒక్కడే అతని కళ్లలో ఉన్నాడు. తనను కాపాడుతున్నాననుకుంటున్నాడు, వెర్రివాడు. అలాంటివాడి మీద ఇంత నింద వేయడానికి విరత్నోకి మనసొప్పలేదు.

"వాడు నా వెంట పడలేదు సార్. నాకు వాడంటే ప్రాణం. ఆదివారం వాడొస్తాడని వారమంతా ఎదురుచూసేవాణ్ణి. వాడికేమైనా తినడానికి పెట్టారా?"

రుమియాతి కొంగుతో ముఖం కప్పుకుంది. కెప్టెన్ అరవలేదు. అనుమతి కాగితం పక్కకు పెట్టి తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు.

"ఎంత అడిగినా వాడు ఒక్క ముక్క ఒప్పుకోలేదయ్యా," అన్నాడు మెచ్చుకున్నట్టే. "అనుమానం మీద ఎన్నాళ్లని ఉంచుతాం? రేపు వదిలేద్దామనుకున్నా. ఇప్పుడిక వాడు ఒప్పుకోనక్కర్లేదు."

ఆ మాట అర్థం కావడానికి విరత్నోకి కొంచెం సేపు పట్టింది. కుర్చీలోంచి లేచి బల్ల అంచు పట్టుకున్నాడు.

"కాదు సార్, అబద్ధం చెప్పాను. వాడెవరో నాకు తెలీదు సార్. నిజంగా తెలీదు."

కెప్టెన్ అప్పటికే రాసుకుంటున్నాడు.