నాలుగంతస్తులు మోయాల్సిన సైకిల్

మదీనాగూడలో మేముండేది నాలుగో అంతస్తులో. అపార్ట్‌మెంట్ కట్టకముందు ఆ స్థలం మా సెక్రెటరీ వాళ్ల పొలం. భూమి బిల్డరుకిచ్చి, బదులుగా కొన్ని ఫ్లాట్లు తీసుకుని, ఆయన మొదటి అంతస్తులో ఉంటున్నాడు. అరవై దాటిన మనిషి. అసోసియేషన్ పెట్టిన రోజు నుంచీ సెక్రెటరీ ఆయనే. పోటీకి ఎవరూ నిలబడరు. మిగతావాళ్లకు ఆయనంటే భయమో మొహమాటమో నాకు తెలియదు. నాకు మాత్రం ఆయనంటే గిట్టదు. ఆయనకు నేనంటే అంతకన్నా గిట్టదు.

మాది ప్రొద్దుటూరు. హైటెక్ సిటీలో టెస్టింగ్ ఉద్యోగం, పద్దెనిమిదేళ్లుగా కుర్చీలోనే. నలభై రెండో ఏట నడుము పట్టేసి మంచం దిగలేకపోయిన రోజున డాక్టరు ఏదో ఒక వ్యాయామం చేయమంది. సైకిల్ కొన్నాను. లావు టైర్లు, అడ్డంగా ఒకే కడ్డీలాంటి హ్యాండిల్, చెప్పలేనంత బరువు. మొదట్లో ఖాజాగూడ చెరువు దాకా వెళ్లి వచ్చేదాన్ని. తర్వాత చేవెళ్ల రోడ్డు అలవాటైంది. ఆదివారం పొద్దున్నే మర్రిచెట్ల కింద ఒక్కదాన్నే తొక్కుతూ పోతుంటే, వారమంతా మీటింగుల్లో విన్న మాటలు ఒక్కొక్కటే చెవిలోంచి రాలిపోయేవి.

ఒక ఆదివారం లిఫ్ట్‌లోంచి సైకిల్ బయటికి తీస్తుంటే హ్యాండిల్ కొన తగిలి స్టీలు గోడ మీద గీత పడింది. నా వేలంత ఉంటుంది. మర్నాటికి లిఫ్ట్ పక్కన కాగితం అంటించి ఉంది: సైకిళ్లు లిఫ్ట్‌లో తీసుకెళ్లరాదు. మా బ్లాకులో పిల్లలవి కాక సైకిల్ అంటూ ఉన్నది నాదొక్కటే. సెల్లార్‌లో తాళం వేసి పెట్టాను. వారం తిరక్కుండా సీటు ఎవరో ఊడదీసుకుపోయారు. వెళ్లి ఆయనకు చెప్పాను. ఆయన పేపరు మీంచి తలెత్తలేదు.

"సెల్లార్‌ల పెట్టింది నువ్వు. కావలి ఉండాల్సింది గూడ నువ్వే."

ఆ సాయంత్రం కొత్త సీటు బిగించి, సైకిల్ భుజాన వేసుకుని మెట్లెక్కాను. మూడో అంతస్తు మలుపులో కళ్లు బైర్లు కమ్మాయి. నెల తిరిగేసరికి కుడి భుజం మీద నల్లగా కమిలిన మచ్చ. ఎందుకీ పంతం, ఆయనతో మనకెందుకు, ఇంట్లోనే ట్రెడ్‌మిల్ పెట్టుకోవచ్చు కదా అన్నాడు మా ఆయన. మా ఆయనతోనూ రెండు రోజులు మాట్లాడలేదు.

ఇంకో బాధ కూడా ఉండేది. వికారాబాద్ దాకా వెళ్లి వచ్చిన సోమవారం చిటికెన వేలు, దాని పక్క వేలు మొద్దుబారి, ఆఫీసులో టీ గ్లాసు చేతిలోంచి జారిపోయింది. గంటల తరబడి అరచేతుల మీద బరువు పడితే అంతే అని తర్వాత తెలిసింది. కాబట్టి నాకు కావలసింది రెండు గుణాలున్న సైకిల్. మెట్ల కోసం తేలికగా ఉండాలి, రోడ్డు కోసం సుఖంగా ఉండాలి. ఈ రెండూ ఒకచోట దొరకవని కొండాపూర్‌లో ఒక దుకాణం యజమాని నాకు మూడు వారాల పాటు పాఠం చెప్పాడు.

ఆయన ఒకప్పుడు పందేల్లో తొక్కినవాడు. గోడ నిండా మెడల్స్. కోస్తా మనిషి, మాట మెత్తన, చూపు గట్టి. మొదటి రోజు నన్ను పైనుంచి కిందికి చూసి, పూలబుట్ట తగిలించిన లేడీస్ సైకిల్ ముందు నిలబెట్టాడు. నేను వంద కిలోమీటర్లు తొక్కుతాను, వేళ్లు మొద్దుబారుతున్నాయి అంటే నవ్వి, రెండోసారి పందెం సైకిల్ చూపించాడు. గాలికన్నా తేలిక. కానీ హ్యాండిల్ అందుకోవాలంటే ముక్కు ముందు టైరుకు తగిలేంత వంగాలి. నాలుగు పెడళ్లు తొక్కేసరికి మెడ పట్టేసింది. అలవాటైపోతుందండీ, నొప్పి లేకుండా ఏదీ రాదండీ అన్నాడు. నొప్పి నాకు ఇంట్లోనే కావలసినంత ఉందని చెప్పి వచ్చేశాను.

మూడోసారి మూలన దుమ్ము పట్టి ఉన్న ఒకటి నా కంటబడింది. కార్బన్ ఫ్రేము, హ్యాండిల్ కాస్త ఎత్తులో, దగ్గరగా ఉంది. టైర్లు పందెం వాటికన్నా వెడల్పు, గతుకుల్ని అవే మింగేస్తాయి. ఎక్కి కూర్చుంటే వీపు నిటారుగానూ లేదు, విల్లులా వంగిపోనూ లేదు. భుజాలు వాటంతటవే కిందికి దిగాయి. అది రిటైరైన వాళ్ల కోసం తెప్పించానండీ, వేగం రాదు అన్నాడు. బరువెంత అని అడిగాను. ఎనిమిది కిలోలు అన్నాడు.

నేను బ్యాగులోంచి విమాన ప్రయాణాలకు సూట్‌కేసులు తూచే చేతి కాటా తీశాను. సైకిల్‌ను దానికి తగిలించి ఎత్తితే తొమ్మిదిన్నర చూపించింది. దుకాణంలో ఇంకో ఇద్దరు కస్టమర్లు ఉన్నారు. వాళ్లు కాటా వంక చూశారు, తర్వాత ఆయన వంక చూశారు. పెడళ్లు, బాటిల్ స్టాండ్ లేకుండా కంపెనీ వాళ్లు రాస్తారండీ అన్నాడు. పెడళ్లు లేకుండా ఎట్ల తొక్కాలో కంపెనీ వాళ్లనే అడగమన్నాను. అంతటితో ఆగాను కాదు. మెట్లెక్కి చూడాలని, సైకిల్ భుజాన వేసుకుని, ఆయన ఆఫీసుగది ఉన్న పై అంతస్తుకు ఎవర్నీ అడక్కుండా ఎక్కేశాను.

కిందికి దిగేసరికి ఆయన ముఖం కందగడ్డలా ఉంది.

"మీకు నేను అమ్మనండి. ఇంకెక్కడైనా చూసుకోండి."

"నేను కొంటాను. ఇదే కావాల నాకు," అన్నాను.

"ఇంత అవమానం చేసి..."

"అబద్ధం చెప్పింది నువ్వు. తూకం వేసింది నేను. ఎవరిది అవమానం?"

నువ్వు అన్న మాట నోట్లోంచి వచ్చేసింది. నాకన్నా పదేళ్లు పెద్దవాడు. వెనక్కి తీసుకోలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మాటలో సగం మా సెక్రెటరీకి చెందాల్సింది. పేపరు మీంచి తలెత్తని ఆ మనిషికి చెప్పలేకపోయింది ఇక్కడ కక్కేశాను. అప్పుడు మాత్రం అదేమీ తోచలేదు, కోపంగా ఉన్నందుకు హాయిగా ఉంది.

ఆయన ఆ ఇద్దరు కస్టమర్ల వంక ఒకసారి చూశాడు. తర్వాత సైకిల్‌ను స్టాండుకు బిగించి, ఎక్కమని చేత్తో సైగ చేశాడు. ఆ తర్వాతి గంట మా మధ్య అవసరమైన మాట తప్ప ఇంకో మాట లేదు. మోకాలి దగ్గర దారంతో బరువు వేలాడదీసి చూశాడు. సీటు వెంట్రుకంత వెనక్కి జరిపాడు. హ్యాండిల్‌ను పట్టి ఉంచే మెడ ముక్క తీసేసి, దానికన్నా పొట్టిది బిగించాడు. నా మణికట్లు చూసి, బ్రేకు పిడులు కాస్త పైకి తిప్పాడు. దిగడం, ఎక్కడం, మళ్లీ దిగడం. నా ముఖంలోకి ఒక్కసారీ చూడలేదు, కానీ నా చేతుల్ని అంత శ్రద్ధగా చూసినవాళ్లు డాక్టర్లలో కూడా లేరు. చివరికి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అన్నాడు:

"వేళ్లు ఇక మొద్దుబారవండి. సర్వీసుకు మాత్రం నా దగ్గరికి రావద్దు."

వెళ్లలేదు. థాంక్స్ కూడా చెప్పలేదు.

కొత్త సైకిల్‌తో మెట్లెక్కడం తేలికే. గెలిచాననుకున్నాను. ఆ ఉత్సాహంలోనే అసోసియేషన్ మీటింగులో లిఫ్ట్ సంగతి ఎత్తాను. వాషింగ్ మిషన్లు ఎక్కుతాయి, పెళ్లిళ్లకు వంటపాత్రలు ఎక్కుతాయి, సైకిల్‌కే ఎందుకు నిషేధమని అడిగాను. కొందరు తలలూపారు. సెక్రెటరీ లేచి, ఆ సైకిల్ ఒకసారి తెప్పించమన్నాడు. వాచ్‌మన్ తెచ్చాడు. ఆయన ఫ్రేము కింద ఒక చెయ్యి పెట్టి, అందరికీ కనబడేలా భుజం ఎత్తుకు లేపి పట్టుకున్నాడు.

"గింత అల్కగ ఉన్నది. దీనికి లిఫ్ట్ ఏందమ్మా?"

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు, తర్వాత తల దించుకున్నాడు. తక్కువ బరువు కోసం నేను మూడు వారాలు తిరిగి, కాటా పట్టుకుని, ఒక మనిషిని నువ్వు అని సాధించుకున్నది ఆయన ఒక్క చేత్తో నా మీదికే తిప్పేశాడు. చేతులెత్తమన్నారు. నా వైపు లేచిన చేతులు నాది, మా ఆయనది, మూడో అంతస్తులో కిరాయికి ఉంటున్న ఒకామెది. కిరాయివాళ్లకు ఓటు లేదని ఆమె చెయ్యి దించేయించారు.

ఇంటికొచ్చాక బాత్రూములో కుళాయి విప్పి ఏడ్చాను. సిగ్గుతో కాదు, కోపంతో.

ఆ వచ్చిన ఆదివారమే వికారాబాద్ వెళ్లాను. అనంతగిరి కొండ చడావు ఎక్కేటప్పుడు కాళ్లు బరువెక్కాయి గానీ నడుము అడ్డం తిరగలేదు. తిరుగుదారిలో శంకర్‌పల్లి దగ్గర ఆగి, గ్లవ్స్ తీసి, బొటనవేలితో మిగతా వేళ్లను ఒక్కొక్కటే తాకి చూసుకున్నాను. అన్నీ తెలుస్తున్నాయి. దుకాణం ఆయన మీద ఇప్పటికీ నాకు ప్రేమ లేదు. ఆయన చెప్పిన మాట మాత్రం నిజం.

పదకొండు దాటాక ఇల్లు చేరాను. సెక్రెటరీ తన గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సైకిల్ బూట్ల అడుగున పెడలుకు తగులుకునే ఇనప ముక్కలుంటాయి, అవి గ్రానైట్ మెట్ల మీద టక్కు టక్కుమంటాయి. ఆయన ముఖం చిట్లించి, బూట్లు విప్పి ఎక్కమన్నాడు, లోపల మనవరాలు పడుకుంది అన్నాడు. పాప పడుకున్న మాట నిజమే కావచ్చు. నేను సైకిల్ భుజం మార్చుకుని, బూట్లు విప్పకుండానే నాలుగో అంతస్తు దాకా ఎక్కాను.