మెడ దగ్గరి తడి

మొన్న హైటెక్ సిటీ మెట్రో కింద కొత్తగా పెట్టిన హోటల్లో మట్టి కప్పులో టీ ఇచ్చారు. తాగేముందు అలవాటుగా వేలి కణుపుతో కొట్టి చూస్తే, మెడల్లో ఐడీ కార్డులున్న పక్క బల్లవాళ్లు నన్ను వింతగా చూశారు. మన వయసువాళ్లకైతే చెప్పనక్కరలేదు, కుండైనా కప్పైనా ఖంగుమనాలి. అది డబ్‌మంది. ఆ చప్పుడుకు మా అన్న గుర్తొచ్చాడు, ఆయన పదిమందిలో అన్న మాట కూడా గుర్తొచ్చింది. ఆ మాట నేను మరిచిపోలేదు, మరిచిపోను.

హఫీజ్‌పేట్‌లో మాది కుండలు చేసే ఇల్లు. మా వంశంలో ఒక్కొక్కరికి ఒక్కొక్కటి లొంగేది. నాయినకు మట్టి, అన్నకు నీరు, నాకు నిప్పు. అన్న సారె మీద కుండ తీసి అరచెయ్యి ఆడిస్తే, అందులోని తడి సన్నటి దారంలా లేచి ఆయన వేళ్లకు చుట్టుకునేది. ఆయన పిలవనిదే ఆ తడి కదిలేది కాదు. ఆరిన కుండను నేను రెండు చేతుల మధ్య పట్టుకుంటే, ఒక టీ తాగినంతసేపట్లో ఎర్రగా కాలేది. కట్టెలు లేవు, పొగ లేదు. అయినా కొనడానికి వచ్చినవాళ్లు అన్న చేతుల్నే మెచ్చుకునేవాళ్లు. కాల్చిందెవరని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో, మాదాపూర్ అద్దాల మేడల ముందు రోడ్డు మీదనే వంటావార్పూ పెట్టుకున్నారు. వంట మా కుండల్లోనే జరగాలని అన్న పట్టుబట్టాడు. ముందురోజు మీటింగుకు ఆలస్యమవుతోందని, తడి పూర్తిగా తీయకుండానే చివరి కుండ నా చేతిలో పెట్టాడు. మెడ దగ్గర ఇంకా చల్లగా ఉంది, ఇలాగే కాలిస్తే లోపల బీట పడుతుందని చెప్పాను. "నీకన్నీ అనుమానాలే చెల్లె, జర జల్ది కానియ్" అన్నాడు. కాల్చాను. నా తప్పంటూ ఉంటే అంతవరకే.

మర్నాడు అన్నం ఉడుకుతుండగా ఆ కుండ మెడ దగ్గర విచ్చుకుని, గంజి పొయ్యిలో పడి బుస్సుమంది. నినాదాలు ఆపి అందరూ ఇటు తిరిగారు. అన్న ఒక పెంకు తీసి వేలితో కొట్టి చూసి, "ఏంది చెల్లె, నీ నిప్పు గూడ సమ్మెల ఉన్నదా?" అన్నాడు. రోడ్డంతా నవ్వింది. మా వదిన కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది, నేను చూశాను. తడి వదిలింది తనేనని ఆ ఒక్క మాట అంటాడేమోనని, బియ్యం మళ్లీ ఎసట్లో పోసేదాకా అక్కడే నిలబడ్డాను. అనలేదు.

అనేదాకా ఆయన కుండ ముట్టనని వచ్చేసి, మణికొండలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. నేను లేక అన్న కుండలు కాల్చడానికి కట్టెలతో ఆవం పెట్టాడట. పొగ వస్తోందని పక్క అపార్టుమెంటువాళ్లు గొడవచేస్తే అదీ మూసేసి, ఒక ఆఫీసు గేటు దగ్గర కాపలాకు కుదిరాడట. రాష్ట్రం వచ్చింది. ఆయన రాలేదు, నేను వెళ్లలేదు. అప్పటినుంచి నా నిప్పుతో చేసిందల్లా చల్లారిన టీని వేడిచేసుకోవడమే. ఒక్కదాన్నే కాబట్టి ఒక్క గ్లాసు.

కిందటేడు అన్న పోయాడు. వెళ్లి ఒక మూల కూర్చుని వచ్చాను. దినాలయ్యాక వదిన ఒక పచ్చి కుండ తెచ్చి నా ముందు పెట్టింది. ఆవం నడిచిన రోజుల్లో చేసిందట, అప్పటినుంచీ అటక మీదే ఉందట. "ఆవంల పెడ్తనంటె పెట్టనియ్యలే. దీనికి చెల్లె చెయ్యే తాకాలె, వస్తది తియ్ అన్నడు" అని ఏడ్చింది. ఆనాడు నవ్విన సంగతి ఆమెకు గుర్తే లేదు.

ఆమె వెళ్లాక కుండను చేతుల్లోకి తీసుకున్నాను. మెడ దగ్గర వేలు ఆగిపోయింది. చల్లగా ఉంది. ఇన్నేళ్లయినా తడి! మళ్లీ వదిలేశాడు. నేను ఆనాడు చెప్పింది నిజమేనని ఎవరికైనా చూపిద్దామంటే, నవ్వినవాళ్లలో వదిన తప్ప మిగతావాళ్లు ఎక్కడున్నారో తెలియదు. ఆ రోడ్డు కూడా ఇప్పుడు ఫ్లైఓవర్ నీడలో ఉంది.

కాలిస్తే ఆ తడి పోతుంది, కుండా పగులుతుంది. కాల్చకుంటే ఎందుకూ పనికిరాదు, అయినా ఇప్పుడు కుండ నీళ్లు అడిగేదెవరు? అందుకే కిటికీలో పెట్టుకున్నాను. పొద్దున్నే ఒక చేత్తో టీ వేడిచేసుకుంటూ, రెండో చేతిలోని వేడిని అణచుకుని ఆ మెడ మీద పెడతాను. తప్పు మాత్రం ఆయనదే. ఇప్పటికీ చల్లగానే ఉంది.