రిఫ్కా కోసం ఎల్లారెడ్డి సర్వపిండి

ఇజ్రాయెల్‌లో నేను చూసుకునే రిఫ్కాకు తొంభై దాటాయి. ఈమధ్య ముద్ద ముట్టడం లేదు, వంటల కబుర్లు చెబితే మాత్రం చెవులు రిక్కించి వింటుంది. నేను సెలవుకు బయల్దేరుతుంటే, "మీ ఇంట్లో బాగా వండేదెవరో ఆవిడతోనే నాకొక వంట చెప్పించు" అంది. అందుకే ఎల్లారెడ్డిలో ఉన్న మా పెద్దమ్మ దగ్గరికి బయల్దేరాను.

పొద్దున్నే సికింద్రాబాద్‌లో రైలెక్కి కామారెడ్డిలో దిగాను. బస్టాండులో చాయ్ తాగి ఎల్లారెడ్డి బస్సెక్కితే, "ఆధార్ సూపియ్యి అక్కా" అంటూ కండక్టర్ ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్ ఇచ్చాడు. లింగంపేట మీదుగా గంటన్నర పట్టింది. మక్క చేల మీద పల్చటి మంచు, కిటికీ పక్కన సగం నిద్రలో నేను, చెవిలో రిఫ్కా గొంతు. యూదురాలైనందుకు పదహారేళ్ళ వయసులో నాజీలు ఆమెను శిబిరంలో పడేశారు. అక్కడికి చేరిన రోజే వాళ్ళమ్మను చంపేశారు. రాత్రిళ్ళు చెక్క బల్లల మీద ఆకలితో పడుకున్న ఆడవాళ్ళు ఒకరికొకరు వంటలు చెప్పుకునేవారట. చక్కెర ఎంత వెయ్యాలన్న దగ్గర పోట్లాడుకునేవారట. పక్కనున్న ఒకావిడ అలా మాటలతోనే రొట్టె చేయడం నేర్పింది. ఆవిడ బతకలేదు. రిఫ్కా బతికి, కాళ్ళు సహకరించినన్నాళ్ళూ ప్రతి శుక్రవారం ఆ రొట్టె చేసింది.

"తినకుంట ఇని ఏం జేస్తదే గామె?" అని నవ్వింది పెద్దమ్మ. సంగతంతా చెప్పాక నవ్వు ఆగిపోయింది. కొంగుతో మొహం తుడుచుకుని, నేను వీడియో కాల్ కలిపిన ఫోన్ ముందుకు జరిగింది. తెరమీద రిఫ్కా కళ్ళు మూసుకుని ఉంది. పెద్దమ్మ చెప్పింది చెప్పినట్టు నేను వాళ్ళ భాషలో చెబుతూ పోయాను.

"అక్కా, బియ్యప్పిండిల పల్లీలు, నువ్వులు, నానవెట్టిన శెనగపప్పు, పచ్చిమిర్చి ఏసి పిసుకాలె. గిన్నెల అద్ది, వేలుతోటి తూట్లు వెట్టి నూనె పొయ్యాలె. మూత వెట్టిన. ఇగ జర ఆగాలె."

పొయ్యి మీద ఏమీ లేదు. అయినా పెద్దమ్మ నిజంగానే ఆగింది. గోడ మీద ఎండ కొంచెం పక్కకు జరిగింది. నాకు ఏడుపొచ్చింది. రిఫ్కా నిద్రపోయిందేమో అనుకున్నాను.

"మూత తియ్యమను, మాడిపోతుంది" అంది కళ్ళు తెరవకుండానే.

పెద్దమ్మ లేని మూత తీసింది. "అయింది. తింటదా అడుగు."

ఆ పూట రిఫ్కా సగం రొట్టె తిన్నదని అక్కడ నా బదులు ఉన్న అమ్మాయి రాత్రి చెప్పింది.

ఆకలితో ఉన్నవాళ్ళు వంటలు చెప్పుకుంటే ఆకలి ఇంకా పెరగదా అని ఇన్నాళ్ళూ అనుకునేదాన్ని. ఒకరికి వండి పెట్టే మనుషులుగా మిగలాలనే చెప్పుకున్నారేమోనని ఇప్పుడనిపిస్తోంది. మీరూ ఎల్లారెడ్డి వైపు వెళితే ఒక్క మాట: తిరుగు బస్సు తొందర పెట్టుకోకండి. సర్వపిండి కాలడానికి దాని టైము దానికి కావాలి.