మేనేజరు ఆఖరున మాట్లాడాలి

ఆ రోజు పొద్దున మా వంటింటి కిటికీ తాడు మీద సాక్సు ఒకటే ఆరుతోంది. రెండోది ఎక్కడ పడిందా అని వెతుకుతుంటే కాలేజీ అటెండరు ఫోన్ చేశాడు.

"మేడమ్ పోయినారంట పాపా. తెల్లారుజామున. గుండె నొప్పంట."

"ఏ మేడమ్?" అన్నాను. తెలిసి కూడా అడిగాను.

ఆమె కర్ణాటక సరిహద్దున ఉన్న పావగడలో ఒక డిగ్రీ కాలేజీలో మేనేజ్‌మెంట్ పాఠం చెప్పేవారు. నేను ఆమె దగ్గరే చదువుకుని, తర్వాత ఆమె పరిశోధనకు సహాయంగా చేరాను. ఆ పరిశోధన అంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగేది. ఆఫీసులో కొంతమంది కూర్చుని ఒక నిర్ణయం తీసుకుంటారు. ఆ నిర్ణయం నిజంగా ఎవరిది?

బజారులో వాళ్ళ అన్నగారి కిరాణా కొట్టు, దాని మీద ఇల్లు. నేను వెళ్ళేసరికి కొట్టు షట్టరు సగం దించి ఉంది. మెట్ల దగ్గర పెద్దవాళ్ళు నిలబడి, ఎప్పుడు తీసుకుపోవాలా అని మాట్లాడుకుంటున్నారు.

"పన్నెండు లోపల ఎత్తితే మేలేమో."

"మైసూరు నుంచి మేనకోడలు రావాల గదప్పా."

"అట్లయితే మధ్యాన్నం పెట్టుకుందాం. ఏమంటావన్నా?"

అన్నగారు తల ఎత్తకుండానే, "మీరంతా ఎట్లంటే అట్ల" అన్నారు.

"మేమేం చెప్తామప్పా! నీ చెల్లెలు. నువ్వే చెప్పాల."

"అదే, మీరు ఒక మాటనుకుంటే..."

ఎండ మెట్ల మీదికి వచ్చింది. నాకు నిలబడబుద్ధి కాలేదు, కూర్చోబుద్ధీ కాలేదు. లోపలికి వెళ్ళి ఆమె మొహం చూసి, వెంటనే బయటికి వచ్చాను. మళ్ళీ లోపలికి వెళ్ళాను. మేడమ్ పక్కన ఉంటే నా మోచెయ్యి తట్టి, "చూస్తాండు, ఎవురూ అనుకోని టైము ఒకటి ఇప్పుడు ఖాయమైతాది" అని ఉండేవారు. అలాగే అయింది. మూడు గంటలకని తేలింది. ఆ మాట ముందు ఎవరన్నారో అక్కడ ఎవరికీ తెలియదు.

ఆమెతో కలిసి నేను వల్లూరు దగ్గర సోలార్ పార్కులో ఒక కాంట్రాక్టరు సైటు ఆఫీసుకి వెళ్ళేదాన్ని. ప్యానెళ్ళు కడిగే పని వాళ్ళది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి టెంపోలో వచ్చే ఆడవాళ్ళు, వాళ్ళ మీద ఒక సూపర్‌వైజరు, ఆయన మీద బయటి ఊరి నుంచి వచ్చిన మేనేజరు. వారానికొక మీటింగు జరిగేది. మేము తలుపు పక్కన కూర్చుని చూసేవాళ్ళం. తర్వాత నేను కాలేజీలో రికార్డింగు విని టైపు చేసేదాన్ని.

మొదటి రోజే ఆమె చెప్పారు: "ఈడ మనం ఫ్యాను మాదిరి పాపా. తిరగతాండామని ఎవురికీ గుర్తుండకూడదు."

"కరెంటు పోతే మేడమ్?"

నేను ఆమెతో వేసిన మొదటి జోకు అది. ఆమె నవ్వి, "కరెంటు పోయేది ఈ ఊరోళ్ళకి అలవాటేలే" అన్నారు. కిటికీ బయట కనుచూపు మేరా ప్యానెళ్ళే.

ఆమె సంచిలో ఎప్పుడూ ఉడకబెట్టిన వేరుసెనక్కాయలుండేవి. మీటింగు మొదలయ్యే ముందు నాలుగు ఒలిచి నాకిచ్చి, పొట్టు మళ్ళీ సంచిలోనే వేసుకునేవారు. మాటల కన్నా చూపుల గురించే ఎక్కువ రాసుకునేవారు. "మాట రికార్డరు వింటాది. మాట్లాడే ముందు ఎవురు ఎవురి మొహం చూసినారో నువ్వు చూడు" అనేవారు. చూస్తే, అందరూ మేనేజరు మొహమే చూసేవారు. ఆయన కనుబొమ్మ కదిలే తీరును బట్టి జవాబు ఉండేది.

చిన్నప్పుడు కాన్వెంటులో నోరు మెదపకుండా చేతులు కట్టుకుని కూర్చోవడం నాకు బాగా అలవాటైంది. మీటింగుల్లో అది పనికొచ్చిందని సంతోషపడేదాన్ని. ఆమె అది కనిపెట్టి, "మాట్లాడవనే నిన్ను తీసుకుంటి. అట్లని అదే గొప్పనుకోవద్దు" అన్నారు. ఎండాకాలం మొదట్లో ఒక మీటింగులో మేనేజరు, "తెల్లవారుజామున రావడం ఇబ్బందేమో. తొమ్మిదికి మొదలుపెడదామా? ఏమంటారు?" అని అడిగాడు. సూపర్‌వైజరు, "మంచిది సార్" అన్నాడు. ఆడవాళ్ళు, "మీ ఇష్టం సార్" అన్నారు. అందరి అంగీకారంతో టైము మారిందని రాసుకున్నారు.

ఆ వారం నుంచి వాళ్ళు మిట్టమధ్యాహ్నం ప్యానెళ్ళ మధ్య నిలబడి కడిగారు. అద్దం మీద చెయ్యి పెడితే కాలేది. నెత్తిన తడిగుడ్డ వేసుకుని పనిచేసినా తట్టుకోలేకపోయారు. ఒకామె కళ్ళు తిరిగి వరస మధ్యలోనే కూలబడింది. ఇట్లే ఉంటే పని మానేయడమే అని కొందరు అనుకుంటున్నారు. వేరుసెనగ వేసుకునే భూములు సోలార్ పార్కుకి లీజుకి పోయాక ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళకి దొరికే పని అదొక్కటే.

బస్సులో నేను మేడమ్‌తో, "ఈ టైము వాళ్ళలో ఒక్కరికీ ఇష్టం లేదు" అన్నాను. నాకెట్లా తెలుసని ఆమె అడగలేదు.

"మేనేజరుకీ ఇష్టం లేదు పాపా. ఆయన మొహం చూసినా. ఎవురూ కోరని పని అందరూ కలిసి చేస్తాండారు. నా పరిశోధనకి ఇంతకన్నా మంచిది ఇంకోటి దొరకదు."

ఆ మాట ఆమె సంతోషంగా అనలేదు. కిటికీ అద్దం పైకెత్తారు, దించారు, మళ్ళీ ఎత్తారు. మేము నోరు తెరిస్తే ఆ గుంపులో మేమూ భాగమవుతాం. అప్పుడు ఆ సైటులో అంతవరకూ చూసిందంతా పరిశోధనకు పనికిరాకుండా పోతుంది. తెరవకపోతే ఆ ఆడవాళ్ళు ఎండలో ఉంటారు, లేదా పని పోగొట్టుకుంటారు.

"చెప్దామా మేడమ్?"

ఆమె సంచిలోంచి గుప్పెడు వేరుసెనక్కాయలు తీసి, ఒలవకుండానే మళ్ళీ లోపల వేసుకున్నారు.

తర్వాతి మీటింగులో ఆమె లేచి నిలబడ్డారు. "సార్, ఈ ఒక్క రోజు మీరు ఆఖరున మాట్లాడండి. కొత్తగా చేరినోళ్ళు మొదట మాట్లాడతారు. మీ కుర్చీ కూడా వాళ్ళ వెనక వేసుకోండి. మీ మొహం ఎవురికీ కనపడకూడదు."

"నేను మాట్లాడకపోతే మీటింగెలా అవుతుంది మేడమ్?"

"అదే చూద్దాం సార్."

సూపర్‌వైజరు కుర్చీ మోయబోయాడు. "నువ్వు కూర్చోప్పా" అన్నారు మేడమ్. మేనేజరు తన కుర్చీ తనే ఎత్తుకుని వెనక్కి వెళ్ళాడు. ఎదురుగా ఖాళీ గోడ మిగిలింది. ఆడవాళ్ళు ఎటు చూడాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేడమ్ అందరికన్నా కొత్తగా చేరినామె వైపు తిరిగి, పని టైము గురించి చెప్పమన్నారు.

"నన్నెందుకు మేడమ్? నేను మొన్న వచ్చినదాన్ని."

"అందుకే నిన్ను అడగతాండా."

"పొద్దున్నే బాగుండె."

"గట్టిగా చెప్పమ్మా."

"పొద్దున్నే బాగుండె! ఎవురికి పుట్టిందో ఈ తొమ్మిది గంటల బుద్ధి!"

వెనక నుంచి మేనేజరు ఉండబట్టలేక, "నాకు కాదమ్మా!" అన్నాడు.

"సార్, మీరు ఆఖరున" అన్నారు మేడమ్. అందరూ నవ్వారు.

"మరి ఎవురికి?" అని ఒకామె సూపర్‌వైజరు వైపు తిరిగింది.

"నన్ను చూస్తారేమ్మా? ఆడోళ్ళకి పొద్దున్నే రావడం కష్టం గదా అని సార్‌తో ఊరికే ఒక మాటంటి. సార్ అడిగేసరికి, పైనుంచి ఆర్డరు వచ్చినాదేమో అనుకుంటి."

మేనేజరు ఆడవాళ్ళే కోరుకున్నారనుకున్నాడు. ఆడవాళ్ళు కంపెనీ చెప్పిందనుకున్నారు. ఆ వారమే పని మళ్ళీ తెల్లవారుజాముకి మారింది.

మేడమ్ దాచలేదు. మీటింగులో తాను జోక్యం చేసుకున్న సంగతి యూనివర్సిటీకి తానే చెప్పారు. థీసిస్‌లో ఆ సైటు అధ్యాయం తీసెయ్యమన్నారు వాళ్ళు. నాకు కోపమొచ్చింది. ఆమెకు రాలేదు. "వాళ్ళన్నది సరే పాపా. ఫ్యాను లేచి మాట్లాడితే అది ఫ్యాను కాదు గదా" అన్నారు. క్యాతగానచెర్లు వైపు ఇంకొక సైటు వెతుక్కుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. అది సగంలో ఉండగానే పోయారు.

దహనమైన సాయంత్రం అన్నగారి కొట్టు ముందు కాలేజీ ప్రిన్సిపాల్ నన్ను పక్కకి పిలిచి, "ఆమె పని ఎవరైనా పూర్తి చేస్తే బాగుంటుంది. నువ్వేమంటావు?" అని అడిగారు. ఆయన మొహంలో జవాబు వెతకబోయి, తల తిప్పుకుని షట్టరు వైపు చూశాను. "నేను చేస్తాను సార్" అన్నాను. నా గొంతు నాకే పెద్దదిగా వినిపించింది.

మర్నాడు ఇంట్లో ఉండలేక మొదటి బస్సుకి వల్లూరు వెళ్ళాను. పొద్దు ఇంకా పొడవలేదు. వరసల మధ్య ఆడవాళ్ళు పొడుగు కర్రల బ్రష్షులతో కడుక్కుంటూ పోతున్నారు. నీళ్ళు జారిన చోట అద్దంలోకి ఆకాశం వస్తోంది. ఎవరో నవ్వుతున్నారు. చలికి చెంగు మెడకు చుట్టుకుని ఒకామె ఆగి నా వైపు చూసింది.

"యాల వచ్చినావు ఇంత పొద్దున్నే?"

ఆమె మా అమ్మ. ఆ సంగతి మేడమ్‌కి నేనెప్పుడూ చెప్పలేదు.