చూడకుండా రాసిన కరపత్రం వెంట జడ్చర్ల దాకా

ఒక పరిశోధనశాలకు అన్యాయం జరిగింది. చేసింది ప్రభుత్వం కాదు, అధికారులు కాదు, కాంట్రాక్టరు కాదు. నేను. నల్లగొండ బస్టాండు గోడల మీద, మీ ఫోన్లలో "ఏడాదికి ఒక్క సెకండు పని!" అని అరిచిన ఆ కరపత్రం రాసింది నేనే, అచ్చు వేయించింది నేనే, మైదా ఉడికించి అంటించింది కూడా నేనే. దాన్ని పంచిపెట్టినవాళ్లలో మీరు చాలామంది ఉన్నారు. అందుకే ఈ ప్రయాణం మీకు చెప్పి తీరాలి.

సంగతి మొదటి నుంచి చెబుతాను. శబ్దం కంటే ఐదారు రెట్ల వేగంతో ఎగిరే విమానాల మీద పరిశోధన చేయడానికి కేంద్ర ప్రభుత్వం జడ్చర్ల అవతల ఉన్న ఒక విశ్వవిద్యాలయానికి మూడేళ్ల నిధులు మంజూరు చేసింది. పేరు రాయను, ఒకసారి రాసి చేసిన నష్టం చాలు. మా మండల దవాఖానలో పాముకాటు మందు లేక మా పెదనాయినను ఆటోలో నల్లగొండకు తీసుకుపోయిన కోపం నాలో ఇంకా చల్లారలేదు. కరపత్రాలు చదివి పెరిగినవాణ్ణి. నిధులు అనే మాట వినగానే దొంగతనం అని వినిపిస్తుంది నాకు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. ఏడాదిలో ఎన్ని ప్రయోగాలు జరిగాయో, ఒక్కోటి ఎంతసేపు నడిచిందో పట్టిక వేసి పంపారు. ఒక్కో ప్రయోగం నాలుగైదు మిల్లీసెకండ్లు. ఫోన్లో అన్నీ కూడి చూశాను. ఏడాది మొత్తం కలిపినా ఒక్క సెకండు నిండలేదు. నా నెత్తురు మరిగింది. అంత తక్కువ సమయం ఎందుకని ఒక్కరినైనా అడగాలని మాత్రం తోచలేదు.

ఆ కరపత్రం ఎంత దూరం పోయిందో మీకు తెలుసు. దాంతో నాకు ధైర్యం పెరిగింది. అదే జవాబులో జడ్చర్లలోని ఒక లేత్ దుకాణం బిల్లులు కూడా ఉన్నాయి: నెలనెలా "గీతలు కొట్టిన అల్యూమినియం పలకలు". సెకండు కూడా నడవని యంత్రానికి ఇన్ని పలకలెందుకు? దొంగ బిల్లులే అనుకున్నాను. దుకాణం లేదని రుజువు చేసి, మూలన పడ్డ యంత్రం ఫొటో తీసి, రెండో కరపత్రం వేయాలని మంగళవారం పొద్దున బయలుదేరాను.

నల్లగొండ నుంచి హైదరాబాదు మీదుగా పోతే తిరుగుడు ఎక్కువ. ఆరు గంటల బస్సుకు కొండమల్లేపల్లి, అక్కడి నుంచి కల్వకుర్తి, ఆపైన జడ్చర్ల. మూడు బస్సులకు కలిపి రెండు వందల ఇరవై దాకా అయింది. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే ఆ ఖర్చూ లేదు. కల్వకుర్తి బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో పూరీ చెప్పి, రెండు నిమిషాలకోసారి ఎంతసేపని అడిగాను. వంటాయన జల్లిగంటె ఎత్తి చూపించాడు. "నీ తొందరకు నూనె కాగదు సారూ. కూసో, జర పేపర్ చదువు." పక్క బల్ల మీదివాళ్లు నవ్వారు. నాకు కోపమొచ్చింది. పూరీ మాత్రం బాగుంది, ముప్పై ఐదు రూపాయలు.

పదీ నలభైకి జడ్చర్లలో దిగాను. లేని దుకాణం కోసం వెతకడానికి ఒక గంటైనా పడుతుందనుకున్నాను. దుకాణం పేరు వినగానే ఆటో డ్రైవరు ఇరవై రూపాయలు తీసుకుని సరాసరి దాని ముందు దించాడు. రేకుల షెడ్డు, ఒక పాత లేత్, దాని ముందు ఖాజా భాయ్. అరవై దాటిన మనిషి, కళ్లద్దాలకు ఒకవైపు దారం కట్టుకున్నాడు. విద్యార్థినని, ప్రాజెక్టు కోసం వచ్చానని అబద్ధం చెప్పాను. ఆయన చాయ్ తెప్పించి, అరచేతంత పలక ఒకటి నా చేతిలో పెట్టాడు. నడుమ కూడిక గుర్తులాగా రెండు గీతలున్నాయి. ఆ గీత లోతును ముందు గోరుతో చూస్తాడు, తర్వాత గేజీతో కొలుస్తాడు. నా కళ్ల ముందే బాగున్నట్టే కనిపించిన మూడు పలకల్ని పక్కన పారేశాడు.

"గీ గీత వెంట్రుకంత లోతెక్కువైనా పాయె," అన్నాడు. "గ్యాసు తన్నినప్పుడు నాలుగు రెక్కలుగ విచ్చుకోవాలె, ముక్క ఊడొద్దు. ముక్క ఊడి లోపలున్న నమూనాకు తగిలితే యూనివర్సిటీల పరిశోధన చేసే ఆ పిల్ల ఆర్నెల్ల కష్టం గంగల గలిసినట్టే."

ఒక్కో పలక ఒక్కసారికే పనికొస్తుందని అప్పుడు తెలిసింది. బిల్లులన్నీ నిజమేనని కూడా తెలిసింది. ఆయన ఆగలేదు. నల్లగొండలో ఎవడో కాయిదం వేశాడట, అది చూసి పైవాళ్లు రెండో ఏడు నిధులు ఆపేశారట, పరిశోధన చేసే అమ్మాయికి అయిదు నెలలుగా ఫెలోషిప్ కూడా రాలేదట. మొన్న ఆమె వచ్చి సొంత పైసలతో నాలుగు పలకలకు ఆర్డరిచ్చింది. ఈయన పైసలు వద్దంటే కోపం చేసి, బల్ల మీద పెట్టి పోయింది.

"నీదేవూరు బేటా?" అని అడిగాడు.

నల్లగొండ అన్నాను.

"మరి వాడు నీకెరికేనా?"

"ఎరుక లేదు," అన్నాను.

మిగతా చాయ్ ఎట్లా తాగానో నాకు తెలియదు. లేవబోతుంటే ఆయన నాలుగు పలకలూ గుడ్డలో చుట్టి నాకిచ్చాడు. ఎట్లాగూ యూనివర్సిటీకే పోతున్నావు, ఆ పిల్లకు, మంజులకు ఇచ్చిపో, జర పైలం అన్నాడు. ఇరవై నిమిషాల దారి. ఆటో గుంతల్లో ఎగిరినప్పుడల్లా ఆ మూటను పొట్టకు అదుముకున్నాను.

మంజులది మక్తల్ దగ్గర ఊరు. పరిశోధనలో నాలుగో ఏడు, నాకంటే మూడు నాలుగేళ్లు పెద్దది. మూట తీసుకుని సంబరపడింది, ఎండలో తెచ్చావని నీళ్లిచ్చింది. తర్వాత సందర్శకుల రిజిస్టరు నా ముందు పెట్టింది. వేరే పేరు రాయవచ్చు. ఒక క్షణం ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. నా పేరే రాశాను. కరపత్రం కింద అచ్చయిన ఆ పేరును ఆమె తలకిందులుగానే చదివి, నా మొఖం చూసింది.

"ఒక్క సెకండు తమ్మివి నువ్వేనా?"

నేనేనన్నాను. తిడుతుందని నిలబడ్డాను. ఆమె తిట్టలేదు. మూటలోంచి ఒక పలక తీసింది. ఆగిన నిధులు మళ్లీ ఇవ్వాలా వద్దా తేల్చడానికి వచ్చే గురువారం వస్తున్న సమీక్షా కమిటీ ముందు ప్రయోగం చేసి చూపించడానికి దాచుకోవాల్సినవి అవి. వద్దక్కా, వృథా చేయొద్దు అన్నాను.

"చూడకుండ రాసినవు," అన్నది. "గిప్పుడు చూసి రాయి. గంతే."

పన్నెండింటికి మొదలుపెడితే నాలుగున్నర అయింది. గది పొడవునా ఉన్న ఉక్కు గొట్టం నడుమ, ఒకవైపు నింపే గ్యాసుకు అడ్డంగా పలకను బిగించింది. వేలెడంత లోహపు నమూనాకు వేడిని కొలిచే వెంట్రుకల్లాంటి తీగలను భూతద్దం కింద అతికించింది. నేను టార్చి పట్టుకున్నాను. గాలి లాగేసే పంపు రెండు గంటలు నడిచింది. నాకు ఆకలేసింది, అడగడానికి మొఖం చెల్లలేదు. చివరికి చెవులకు తొడుగులు పెట్టించి మీట నొక్కింది. గుండెల్లో గుద్దినట్టు ఒక్క చప్పుడు. రెప్ప వేశాననుకుంటాను. తెరిచేసరికి కంప్యూటరు తెర మీద కొలతల గీతలు నిలబడి ఉన్నాయి.

గొట్టం విప్పితే, పలక పండిన సీతాఫలంలా నాలుగు రెక్కలుగా విచ్చుకుని ఉంది. ఒక్క ముక్క ఊడలేదు. అంత వేగపు గాలిని అంతకంటే ఎక్కువసేపు నిలపలేరని, దొరికిన ఆ రెప్పపాటులోనే వేడిని కొలవాలని, తెర మీది ఆ గీతల్ని లెక్కగట్టడానికి నెల పడుతుందని ఆమె ఓపిగ్గా చెప్పింది. తర్వాత అన్నది: "వరి కోసిన గడియ ఒక్కటే లెక్కవెట్టి, రైతు యాసంగి పంటకాలమంతా పండుకున్నడన్నట్టున్నది తమ్మీ నీ లెక్క."

ఫోన్లో పెట్టిన కరపత్రం ఇప్పుడే తీసేస్తానన్నాను. అదీ వద్దన్నది. తీసేస్తే డబ్బులిచ్చి తీయించారంటారు, ఉంచి, దాని కిందనే తప్పని రాయమన్నది.

తిరుగు దారిలో ఖాజా భాయ్ దుకాణం దగ్గర ఆటో దిగాను. ఆయన షట్టరు దించబోతున్నాడు. ఆ కాయిదం వేసింది నేనే, పొద్దున అబద్ధం చెప్పానన్నాను. చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

"పొద్దటి చాయ్‌కు పది రూపాయలు," అన్నాడు. "ఇచ్చి పో."

లేత్ మీద పది రూపాయల నోటు పెట్టి వచ్చేశాను. ఇంతకుముందు పోలీసులు తిట్టారు, నాయకులు బెదిరించారు, అప్పుడెప్పుడూ తల వంచలేదు. కల్వకుర్తి బస్సులో మాత్రం కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

దవాఖాన ముందా, ఆకాశం ముందా అనే ప్రశ్న నాకు ఇప్పటికీ ఉంది. అడుగుతూనే ఉంటాను. కానీ మా పెదనాయిన పేరు మీద ఒక అమ్మాయి నాలుగేళ్ల చదువును పణం పెట్టే హక్కు నాకెవరిచ్చారు? పెద్దవాళ్లను ఎదిరిస్తున్నాననుకున్నాను. తగిలింది మాత్రం అయిదు నెలలుగా జీతం లేని మనిషికి, గోరుతో గీత లోతు చూసే మనిషికి. సర్కారు నిధులకు కాపలా కాస్తున్నానని చెప్పుకున్నవాణ్ణి, ఆ నిధులు సరిగ్గా ఖర్చయిన చోటే ఆపించాను. గురువారం కమిటీ వద్దంటే మిగిలిన రెండేళ్ల పనీ, మంజుల పట్టా అక్కడితో సరి.

వచ్చేవాళ్లకు ఒక్క సలహా: కల్వకుర్తిలోనే కడుపునిండా తిని ఎక్కండి. పరిశోధనశాల చుట్టుపక్కల తిండి దొరకదు, పంపు నడవడం మొదలైతే బయటికి పంపరు.

రావాల్సింది వచ్చే గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు, జడ్చర్ల బస్టాండుకు. కరపత్రం పంచినవాళ్లంతా రండి. తప్పు ఒప్పుకుంటూ కమిటీకి రాసిన ఉత్తరం మీద సంతకాలు పెట్టి, పదకొండింటికి కమిటీ వచ్చేలోపు విశ్వవిద్యాలయం గేటు దగ్గర నిలబడదాం. నినాదాలు వద్దు. నన్ను తిట్టాలనుకున్నవాళ్లు తొమ్మిదికే రండి, అప్పటికే అక్కడ ఉంటాను.