సార్‌కు మేం పెట్టిన మెసేజ్‌లు

సార్ పోయారన్న కబురు సార్ ఫోను నుంచే వచ్చింది. మా వాట్సాప్ గ్రూపులో ఆయన నంబరు మీద రెండే ముక్కలు: "సార్ పొద్దుగాల పోయిండు. నేను ఆయన ఇంటామెను." సరిగ్గా దాని పైనే, ముందురోజు ఎవరో పెట్టిన మెసేజ్ ఉంది: "గీ నెలన్న ఇస్తరా, గిది గూడ ఉత్తదేనా?"

మీకు ఆయన తెలియకపోవచ్చు. బెల్లంపల్లిలో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. తెలుగు టైపు చేసుకోవడానికి సొంతంగా ఒక ప్రోగ్రాం తయారుచేసి అడిగినవాళ్లకు ఊరికే ఇచ్చారు. వాడేవాళ్లం మా గ్రూపులో ఉన్న కొద్దిమందిమే, కానీ దాన్ని విడిచి ఉండలేని వాళ్లం. సుల్తానాబాద్‌లో నాది పెండ్లికార్డులు, కరపత్రాలు వేసే డీటీపీ షాపు. వేరే వాటిలో "వచ్చిండు" అని కొడితే తప్పని కింద ఎర్రగీత పడేది. సార్ దాంట్లో పడేది కాదు. ఏదైనా మాటకు గీత పడిందని ఫోన్ చేస్తే, "మీ అవ్వ గా మాట ఎట్లంటది? జర ఫోనియ్యి" అనేవారు. ఒకసారి గంజుకూ గిన్నెకూ తేడా ఏమిటో అవ్వనడిగి, ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. కంప్యూటర్ ఆగిపోయిందని మేం గాబరా పడితే ఆయన మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "ముందుగాల సేవ్ చెయ్. తర్వాత నన్ను తిట్టు."

కంప్యూటర్లు కొత్తవి వచ్చాక ఆ ప్రోగ్రాం దానంతటదే మూసుకుపోవడం మొదలైంది. జైనూర్‌లో ఒక టీచరు గోండు పిల్లల కోసం అందులో టైపు చేసుకున్న కథలన్నీ ఉత్త డబ్బాలుగా కనిపించాయి. సార్ ఫోన్ ఎత్తడం మానేశారు. "బాగు చేసి వచ్చే నెల ఇస్త" అని మెసేజ్ మాత్రం వచ్చేది. ఆ నెల వచ్చేది, పోయేది. "దాని కోడన్న మాకియ్యండి సార్, ఎవరితోనన్న బాగు చేయించుకుంటం" అని టీచరు అడిగితే దానికీ జవాబు లేదు. మా కోపంలో న్యాయం లేదని ఇప్పటికీ అనను. కానీ కోపం అక్కడితో ఆగలేదు. మోసగాడని ఒకరు రాశారు. నేను రాసింది ఇది: "చేతగాకపోతే చేతగాదని చెప్పుండ్రి సార్. మమ్ముల పరేషాన్ చేసుడెందుకు?" దాని కింద వరుసగా బొటనవేళ్లు పడ్డాయి. నాకు గర్వంగా కూడా అనిపించింది.

సార్ పోయారన్న కబురు చూశాక టీచరూ నేనూ కలిసి బెల్లంపల్లి వెళ్లాం. సార్ భార్య మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు.

"పక్షవాతం వచ్చినంక చెయ్యి బాగనే అయ్యింది" అన్నారు. "మాట జర ముద్దగొచ్చేది. గందుకే ఫోన్ల మాట్లాడేటందుకు సిగ్గువడేటోడు. గని అక్షరం గుర్తువట్టకపోయె. ఆయన రాసిందే ఆయనకు సమజు కాకపోయె. ఎవ్వలకు చెప్పకు, మల్లొస్తది అన్నడు. రోజంత గా కంప్యూటర్ ముంగటనే కూసుండేటోడు."

"మరి మా మెసేజ్‌లమ్మా?" టీచరు మెల్లగా అడిగారు.

"నేనే సదివి చెప్పేదాన్ని. వచ్చే నెల ఇస్త అని ఆయన చెప్తె నేనే కొట్టేదాన్ని." కొంగుతో మూతి తుడుచుకున్నారు. "అన్ని సదవలే బిడ్డా. కొన్నిటికి, 'పానం మంచిగున్నదా అని అడుగుతుండ్రు' అని చెప్పేదాన్ని. ఖుషి అయ్యేటోడు. గింతమంది యాది జేస్తుండ్రా అనేటోడు."

నా మెసేజ్‌ను ఆమె సార్‌కు ఏమని చదివి వినిపించారో అడగబోయి చాయ్ కప్పు అందుకున్నాను. నా షాపు బోర్డు మీది అక్షరాలు కూడా ఆయన ప్రోగ్రాంలోవే.

లేచి బయటికి వస్తుంటే ఆమె గడప దాకా వచ్చారు. "మీ పేర్లు చెప్పుండ్రి బిడ్డా. గ్రూపుల పేర్లన్ని నాకెరుకే. చెప్తె గుర్తువడ్తరు."

టీచరు తల వంచుకుని, "జైనూర్ నుంచి వచ్చినమమ్మా" అన్నారు.

"నాది సుల్తానాబాద్" అన్నాను.

మా పేర్ల కోసం ఆమె ఇంకా మా ముఖాల్లోకి చూస్తూనే నిలబడ్డారు. నేను వంగి, వేసుకున్న చెప్పులనే మళ్లీ సర్దుకుంటూ ఉండిపోయాను.