కుర్చీలోంచి చూసిన తోట

జగ్గయ్యపేటలో రిటైర్డ్ లెక్చరర్ రామచంద్రమూర్తి గారి పెరటి తోటను మెచ్చుకోని వారు లేరు. ఆయన మాత్రం ఏనాడూ మట్టి ముట్టలేదు. వరండాలో పడక కుర్చీలో కూర్చుని చేతికర్రతో చోటు చూపిస్తే, తోటమాలి జాన్‌బాషా తవ్వేవాడు.

ఆ ఉదయం మోటారు నడుస్తోంది, పాదుల్లోకి నీళ్లు పారుతున్నాయి. సపోటా మొక్కకు ఆయన చోటు చూపించగానే జాన్‌బాషా చెప్పులు విడిచి, తడినేలలో నిలబడి గడ్డపార అందుకున్నాడు.

"ఏవండీ, మోటారు కరెంటు తీగ అటే కదూ పూడ్చింది?" వంటింట్లోంచి భార్య వసుమతి అడిగారు.

"అటు కాదులే," అన్నారాయన.

"సారు కుర్చీలోంచే భూమి లోపలిదాకా చూస్తారమ్మా!" అని నవ్వాడు జాన్‌బాషా.

నిజానికి ఆయనకు తెలియదు. తీగ ఎటు వెయ్యమంటారని ఆనాడు ఎలక్ట్రీషియన్ అడిగితే, పేపర్లోంచి తల ఎత్తకుండానే "నీ ఇష్టం" అన్నారు. చూడనిదాన్ని చూసినట్టు చెప్పానన్న సంగతి ఇప్పుడు ఆయనకు తట్టింది.

"ఆగు బాషా!" అని అరుస్తూ మెయిన్ స్విచ్ వైపు పరుగెత్తారు. అప్పటికే బాషా గడ్డపార ఎత్తేశాడు.

వెనక గడ్డపార దిగిన చప్పుడైంది. మోటారు ఆగిపోయింది.

ఆయన చెయ్యి ఇంకా స్విచ్చుకు అందలేదు.